పన్ను కింద ఎముక తరిగితే

పిప్పిపన్ను మనిషిని రాత్రంతా నిద్రపోనివ్వదు. లవంగనూనె ఎక్కడ, ఉప్పునీళ్ళు ఎక్కడ అంటూ ఇంటిల్లిపాదినీ లేపి కూర్చోబెడుతుంది. చిగుళ్ళ జబ్బుకు అంత నోరు లేదు. పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిలో కాస్త ఎర్రజీర కనిపిస్తుంది. "వేడి చేసింది" అనుకుని ఇంత మజ్జిగ తాగి ఊరుకుంటాం. అయిదేళ్ళో పదేళ్ళో గడిచాక ఒకనాడు చేగోడీ కొరికితే దవడపన్ను కదులుతుంది. నొప్పి ఉండదు. కదులుతుంది, అంతే. ఆ పాటికి పన్ను చుట్టూ ఉండవలసిన ఎముక సగానికి సగం తరిగిపోయి ఉంటుంది.

ఈ సంగతి మీద వచ్చిన ఉత్తరాలలో తణుకు నుంచి ఒక సోదరి రాసినది అందరికీ పనికివచ్చేటట్టు ఉన్నది. ఆమె భర్తకు 42 ఏళ్ళు. కింది దవడలో ఎడమవైపు పెద్ద పన్ను కదులుతున్నది. ఒక డాక్టరుగారు "తీసేసి స్క్రూ పన్ను పెట్టుకోండి" అన్నారట. ఇంకొకరు "తీయనక్కరలేదు, ఎముక పొడి వేసి పైన పొర కప్పుతాను" అన్నారట. "ఇద్దరిలో ఎవరిని నమ్మమంటారు? ఆ ఎముక పొడి ఎవరి ఎముకతో చేస్తారు? మేము మాంసం ముట్టని వాళ్ళం. మా అత్తగారికి ఈ మాట ఎట్లా చెప్పేది?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, ఇద్దరు డాక్టర్లూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇక్కడ తీర్పు చెప్పేది ఆ పన్ను పక్కన ఎముకలో పడిన గుంట. అది ఏ ఆకారంలో ఉన్నదో తెలియకుండా ఎవరు ఏమి చెప్పినా ఊహే అవుతుంది. ఆ గుంట సంగతికి ముందు పన్ను ఎట్లా నిలబడుతుందో చూద్దాం.

పన్ను ఎముకలో మేకులాగా దిగగొట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అట్లా ఉండదు. పన్ను వేరుకూ దవడ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదోవంతు సందు ఉంటుంది. ఆ సందులో వేలకొద్దీ సన్నని నారపోగులు ఉంటాయి. ఒక కొస వేరుపై పూతలోనూ, రెండో కొస ఎముకలోనూ పాతుకుని, పన్నును ఉయ్యాలలో వేసినట్టు పట్టి ఉంచుతాయి. కంది పప్పులో రాయి పంటికింద పడితే గబుక్కున తెలిసేది ఈ పోగుల వల్లనే. వేరు పూత, పోగులు, ఎముక మూడూ కలిస్తేనే పన్నుకు పట్టు. ఎముక ఒక్కటే వచ్చి పోగులు రాకపోతే పట్టు వచ్చినట్టు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరువాత పని ఉన్నది.

పళ్ళమీద పాచి పేరుకుని గార కడుతుంది. అందులోని సూక్ష్మక్రిములతో శరీరం పోరాడుతుంది. ఏళ్ళ తరబడి సాగే ఆ పోరాటంలో నష్టపోయేది మన ఎముకే. మంచి చిగురుకూ పన్నుకూ మధ్య లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. డాక్టరుగారు గీతలున్న సన్నని పుల్ల పెట్టి కొలిచి అయిదు, ఏడు అని అంకెలు చెబుతూ ఉంటే, అక్కడ చిగురు సంచిలాగా వదులై లోపల పట్టు పోయిందన్నమాట.

పోయిన ఎముక తనంతట తాను తిరిగి ఎందుకు రాదు? చెయ్యి విరిగితే అతుక్కుంటుంది కదా, దవడకేమి వచ్చింది అని మీరు అడగవచ్చు. వైద్యులు కూడా దీనికోసం చాలాకాలం కొట్టుకున్నారు. ఎముకలోని ఖాళీలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చే ప్రయత్నం 1892లోనే జర్మనీలో డ్రీస్‌మన్ అనే వైద్యుడు చేశాడు. 1923లో హెగెడూస్ అనే ఆయన పయోరియా రోగులకు మోకాలి కింది ఎముకనుంచి ముక్క తీసి దవడలో పెట్టిన సంగతి ప్రకటించాడు. పన్ను కోసం కాలు కోయించుకున్న ఆ రోగుల ఓర్పుకు దండం పెట్టాలి. అప్పటి ఆలోచన ఒక్కటే: గుంట ఉన్నది, పూడ్చాలి. చిక్కు గుంటలో లేదని, ఆ గుంటలోకి ముందుగా ఎవరు దూరుతున్నారన్నదే చిక్కని తెలియడానికి మరి యాభై ఏళ్ళు పట్టింది.

1976లో మెల్చర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక మాట అన్నాడు: శుభ్రం చేసిన వేరుమీదికి ముందుగా ఏ జాతి కణాలు చేరుకుంటాయో, దాన్నిబట్టే అక్కడ ఏ రకం మాన్పు జరుగుతుందో తేలుతుంది. పెరట్లో గరికా కొబ్బరిమొక్కా చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. చిగురు పైచర్మం గరికలాంటిది. రోజుకు అరమిల్లీమీటరు చొప్పున పాకగలదు. ఎముకా, నారపోగులూ కొబ్బరిమొక్కలాంటివి, నెలలు కావాలి. చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్టేస్తే, ఎముక లేచి ఒళ్ళు విరుచుకునేలోపలే చర్మం జారి వేరు పొడవునా పరుచుకుంటుంది. గాయం మానుతుంది. రక్తం కారడం ఆగుతుంది. ఎముక మాత్రం రాదు, వచ్చేందుకు చోటులేదు గనక.

అయితే గరికను ఆపి చూద్దామని స్వీడనులో గోటెన్‌బర్గ్ వైద్యులు అనుకున్నారు. 1982లో నైమన్, ఆయన సహచరులూ ఒక రోగిని ఎన్నుకున్నారు. కింది దవడ ముందుపన్ను, ఎటూ తీసేయవలసినదే. దాని వేరును శుభ్రంచేసి, చిగురుకూ వేరుకూ మధ్య ప్రయోగశాలలో వడపోతకు వాడే పొర ఒకటి అడ్డుపెట్టి కుట్టారు. మూడు నెలలు ఆగి, పన్నును చుట్టూ ఉన్న కండతో సహా తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, వేరుమీద కొత్త పూత, అందులో పాతుకున్న కొత్త పోగులు! పోయిన పట్టు మనిషి నోట్లో మళ్ళీ పుట్టగలదని చూపిన పన్ను అది. 1986లో గాట్లోవ్, ఆయన తోటివారూ మరి కొందరు రోగులలో ఇదే చేసి చూపించారు.

అంటే పొర చేసే పని దడి పని. మేకను రానివ్వకుండా మొక్క చుట్టూ దడి కట్టినట్టు, నాలుగు నుంచి ఆరు వారాలపాటు చర్మాన్ని ఆపితే చాలు, లోపల నెమ్మదిగా పెరిగేవాళ్ళు తమ చోటు తాము చేసుకుంటారు. మొదట వచ్చిన పొరలు కరగనివి. ఆరువారాల తరువాత మళ్ళీ చిగురు తెరిచి తీసేయవలసి వచ్చేది. పాపం, రోగికి రెండుసార్లు కోత. ఇప్పుడు ఎక్కువగా వాడేవి కొల్లాజెను పొరలు. చూడడానికి అప్పడంలాగా ఉండి, రక్తం తగలగానే మెత్తబడి, పని అయ్యాక వాటంతట అవే కరిగిపోతాయి.

మరి ఎముక పొడి ఎందుకు? దడి ఒక్కటే కట్టితే పొర గుంటలోకి కుంగి చోటు మూసుకుపోవచ్చు. పొడిగింజలు లోపలినుంచి ఎత్తి పట్టుకుంటాయి. అంతేకాదు, ఆనపతీగకు పందిరిలాగా కొత్త ఎముక వాటిమీదుగా పాకుతుంది. వైద్యంలో దీన్ని అంటు అంటున్నారు గాని, అంటుమామిడితో పోలిక పూర్తిగా కుదరదు. మామిడిలో అంటుకొమ్మే చెట్టవుతుంది. ఇక్కడ వేసిన పొడి సాధారణంగా తాను పెరగదు. పెరిగేది మీ ఎముకే. దీనికి మినహాయింపు ఉన్నది. 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్టు అనే వైద్యుడు ఎముకలోని సున్నాన్ని ఆమ్లంతో తీసేసి, మిగిలినదాన్ని జంతువుల కండరంలో పెడితే, ఎముక అన్నదే లేని ఆ చోట కొత్త ఎముక పుట్టింది. సున్నం తీసిన ఎముకలో "ఎముకను పుట్టించు" అని చుట్టుపక్కల కణాలకు చెప్పే పదార్థాలు ఉన్నాయని అట్లా తెలిసింది. ఆ రకం పొడి నేటికీ వాడుతున్నారు.

ఇక తణుకు సోదరి రెండో ప్రశ్న, ఆ ఎముక ఎవరిది? ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాక అడగలేరు గనక ముందే అడగాలి. మీ ఎముకే కావచ్చు. గడ్డం దగ్గరనుంచో చివరి దవడపన్ను వెనకనుంచో కాస్త గీరి తీస్తారు. అన్నిటికన్నా మంచిదిదే, కాని దొరికేది కొద్దిగానే, పైగా ఇంకొకచోట గాయం. రెండవది దానంగా వచ్చిన మనిషి ఎముక. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో కణజాల నిధి ఏర్పాటైంది; దానంగా వచ్చిన ఎముకను, ప్రసవంలో వచ్చే ఉమ్మనీటి సంచి పొరను శుభ్రంచేసి, చల్లదనంలో ఎండబెట్టి, గామాకిరణాలతో క్రిములు లేకుండా చేసి ఆసుపత్రులకు అందిస్తారు. మూడవది ఆవు జాతి ఎముక. అందులోని మాంసకృత్తులన్నీ తీసేయగా మిగిలిన ఖనిజం మాత్రమే. ప్రపంచంలో బహుశా ఎక్కువగా పరిశోధించిన పొడి ఇదే, మన దేశంలో చాలా ఇళ్ళలో చెప్పడానికి కష్టమైనదీ ఇదే. కొల్లాజెను పొర విషయం కూడా అంతే. పశువు, పంది, చేప, వీటిలో ఏదో ఒకదానినుంచి వస్తుంది. పైన రాసే జెల్లు రకం మందు ఒకటున్నది, అది పందిపిల్లల పళ్ళలో పింగాణీ ఏర్పడే దశలో ఉండే పదార్థం. హిందువులకైనా, ముస్లిములకైనా, జైనులకైనా ఈ వివరం చెప్పకుండా వాడడం సరికాదని నా అభిప్రాయం. పెట్టె మీద రాసే ఉంటుంది. చూపించమని అడగండి.

జంతువుతో సంబంధం లేనివి ఉన్నాయి. సున్నమూ భాస్వరమూ కలిసిన కృత్రిమ పొడులు ఉన్నాయి. గాజుతో చేసినదీ ఉన్నది, ఆ గాజు కథ వినదగినది. 1967లో లారీ హెంచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సదస్సుకు బస్సులో వెళుతున్నాడు. పక్కసీటులో వియత్నాం యుద్ధంనుంచి అప్పుడే తిరిగివచ్చిన ఒక సైన్యాధికారి. గాయపడిన సైనికుల శరీరాలు లోహాలనూ ప్లాస్టిక్కులనూ ఒప్పుకోవడం లేదు, ఒళ్ళు ఒప్పుకునే పదార్థం చేయలేరా అని ఆయన అడిగాడట. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హెంచ్ చేసిన గాజు ఎముకను గట్టిగా పట్టుకుని వదలలేదు. ఆ గాజుపొడి ఈనాడు చిగుళ్ళవైద్యంలోనూ ఉన్నది. కనుక అత్తగారికి చెప్పేందుకు మాట దొరికినట్టే. అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి. కృత్రిమ పొడులు గుంటను పూడ్చి లోతు తగ్గిస్తాయి, కాని వాటి చుట్టూ కొత్త పోగులు పుట్టడం అంత నిశ్చయం కాదు.

మన రక్తంతోనే చేసే పొర ఇంకొకటి. 2001లో ఫ్రాన్సులో షుక్రూన్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. చేతినుంచి కాస్త రక్తం తీసి, యంత్రంలో గిరగిర తిప్పితే మధ్యలో జున్నుముక్కలాగా ఒక పొర తేరుతుంది. చవక, ఎవరి ఆచారానికీ అడ్డురాదు, మన దేశపు దంతకళాశాలలలో దీనిమీద పరిశోధన బాగా జరిగింది. గాయం చక్కగా మానుతుంది. కాని దడిగా చూస్తే బలహీనం, రెండువారాలలోపలే కరిగిపోతుంది.

ఇప్పుడు గుంట సంగతి. ఎముక రెండు విధాలుగా తరుగుతుంది. ఒకటి, వేసవిలో చెరువునీరు తగ్గినట్టు, అన్ని పళ్ళ చుట్టూ సమంగా దిగిపోవడం. రెండవది, ఒక పన్ను పక్కనే బావి తవ్వినట్టు నిలువుగా దిగడం. పొడీ పొరా పనిచేసేది రెండోదానిలో. బావికి గోడలుంటాయి కదా. మూడువైపులా ఎముక గోడలుండి నాలుగోవైపు పన్నువేరు ఉంటే పొడి కదలకుండా నిలుస్తుంది, గోడలనుంచి కొత్త ఎముక వస్తుంది. రెండు గోడలున్నా ఫరవాలేదు. ఒకే గోడ ఉంటే కష్టం. చెరువులాగా సమంగా తరిగినచోట పొడి వేయడమంటే గట్టులేని మడికి నీళ్ళు పెట్టడమే. అక్కడ ఎముక పెంచుతామని ఎవరైనా అంటే, రెండవ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. బావి లోతు కనీసం 3 మిల్లీమీటర్లు ఉంటే ఈ చికిత్స చేయవచ్చునని 2020లో యూరపు చిగుళ్ళవైద్యుల సమాఖ్య తన సూచనలలో ప్రకటించింది. బావి ఇరుకుగా, లోతుగా ఉంటే మరీ మంచిది. ఇది మనకు వింతగా తోస్తుంది గాని, వెడల్పు గుంటకంటే లోతు గుంటే తేలికగా పూడుతుంది.

పెద్ద దవడపళ్ళకు ఇంకొక చిక్కు. కిందివాటికి రెండు వేళ్ళు. ఆ వేళ్ళు చీలేచోట ఎముక పోతుంది. పుల్ల ఒకవైపునుంచి కొంతదూరం వెళ్ళి ఆగితే ఈ చికిత్సకు అవకాశం ఉన్నది. ఈ వైపున పెట్టిన పుల్ల ఆ వైపున తేలితే పొడికీ పొరకూ లొంగదు. తణుకు సోదరి భర్తది ఈ రెంటిలో ఏది? నేను చెప్పలేను. పుల్లతో కొలిచి, ఎక్స్‌రే తీసిన డాక్టరు చెప్పగలరు. "గోడలు ఎన్ని? వేళ్ళ చీలిక తెరుచుకుందా?" అని ఈ రెండే అడగమనండి. జవాబు తడుముకోకుండా చెప్పేవారి దగ్గరే చేయించుకోండి. ఇందులో మూడేళ్ళ పైచదువు చదివిన చిగుళ్ళ నిపుణులు వేరే ఉంటారు. హైదరాబాదులో 1959లో పెట్టిన ప్రభుత్వ దంత కళాశాలలోనూ, విజయవాడలోని ప్రభుత్వ కళాశాలలోనూ, చాలా ప్రైవేటు దంత కళాశాలలలోనూ చిగుళ్ళ విభాగాలున్నాయి. కాస్త కాచుకోవాలి, కాని ఖర్చు కలిసివస్తుంది.

ఫలితం ఎంత అంటే, మామూలుగా చిగురు తెరిచి శుభ్రం చేసినదానికంటే అడ్డుపొర పెట్టినందువల్ల అదనంగా కలిసివచ్చేది, అనేక పరిశోధనల సగటులో, ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఇంతేనా అనకండి. వేరు పొడవే సుమారు 13 మిల్లీమీటర్లు; సగటు అన్నప్పుడు బాగా వచ్చినవారూ, ఏమీ రానివారూ కలిసే ఉంటారు. సరైన బావిని ఎన్నుకుంటే లాభం ఇంతకంటే బాగా ఎక్కువ. ఇటలీలో కార్టెల్లీని, టొనెట్టి బృందం చేసిన పరీక్ష నాకు ముచ్చట గొలిపింది. వేరు కొసదాకా పట్టుపోయి, తీసేయడమే మార్గమనిపించిన పళ్ళున్న 50 మందిని తీసుకున్నారు. సగంమందికి పన్ను తీసి కొత్తది పెట్టారు. మిగతా 25 మందికి తీయకుండా ఎముక పెంచే చికిత్స చేశారు. 2020లో పదేళ్ళ ఫలితాలు ప్రకటించారు: వందకు 88 వంతున ఆ పళ్ళు నోట్లోనే ఉన్నాయి. ఇందులో ఒక మెలిక మరవకూడదు. చేసినవారు ప్రపంచంలో ఆరితేరినవారు, రోగులు ఏరికోరి తీసుకున్నవారు, తరువాత కూడా క్రమం తప్పకుండా వెళ్ళి శుభ్రం చేయించుకున్నవారు. అయినా "కదిలింది గనక తీసేద్దాం" అని తొందరపడేవారికి ఈ లెక్క చూపించవచ్చు.

ఇంకొక హెచ్చరిక. ఆపరేషను అయిన మరునాడే ఎక్స్‌రే తీస్తే గుంట తెల్లగా నిండి కనిపిస్తుంది. అది వేసిన పొడి తెలుపు. ఎముక వచ్చిందని మురిసిపోకండి. మొదట చెప్పాను కదా, ఎముకొక్కటే చాలదు, పోగులు రావాలని. ఆరునెలలదాకా ఆ చోట పుల్ల పెట్టి కొలవను కూడా కొలవరు. ఆరునెలలనుంచి ఏడాదిలోపల లోతు తగ్గిందా, కదలిక తగ్గిందా అన్నవే ఆనవాళ్ళు.

ఎవరికి చేయరు? చుట్ట, సిగరెట్టు, గుట్కా, ఖైనీ మానలేనివారికి చేసి లాభం తక్కువ. పొగ చిగుళ్ళకు రక్తం చాలనివ్వదు, పొర పైకి తేలిపోతుంది. మధుమేహం అదుపులో లేనివారు ముందు మూడునెలల సగటు చక్కెర పరీక్ష సరిచేసుకుని రావాలి. ఎముకలు గుల్లబారకుండా మాత్రలు వాడే పెద్దవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. అన్నిటికంటే ముందు నోరంతా శుభ్రం చేయించి, రెండు మూడు నెలలు ఆగి, మీరు రోజూ సరిగ్గా తోముకుంటున్నారా అని చూస్తారు. గార తీయించగానే పళ్ళు వదులవుతాయన్న భయం మన ఇళ్ళలో ఇంకా ఉన్నది. పళ్ళను వదులు చేసింది గార. అది పోగానే ఎప్పటినుంచో ఉన్న వదులు బయటపడుతుంది, అంతే.

ఆపరేషను పెద్ద భయపడవలసినది కాదు. మత్తుసూదితో ఒక గంట పని. తరువాత పది పదిహేను రోజులు కుట్లు. ఇంట్లో ఆడవారికి నేను చెప్పేది ఇదీ: మొదటి వారం పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన పప్పు, అన్నీ చల్లార్చి, రెండోవైపున నమలాలి. జంతికలూ చేగోడీలూ డబ్బా పైఅరలో పెట్టండి. మొదటిరోజుల్లో ఉమ్మిలో నాలుగు గింజలు వస్తే కంగారుపడనక్కరలేదు. చిగురు మీద తెల్లగా పొర తేలితే మాత్రం వేలితో లాగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పుక్కిలించే మందుకు పళ్ళు కాస్త గోధుమరంగు తిరుగుతాయి, అన్నం రుచి తెలియదు. మందు ఆపాక రెండూ పోతాయి. నాలుగు వారాలదాకా ఆ చోట బ్రష్షు పెట్టరాదు. మిగతా నోరు మామూలుగానే తోముకోవాలి. కచ్చికపొడి, బొగ్గు, ఇటికపొడి ఇకమీదట వద్దు. చిగురు దిగి బయటపడిన వేరును అవి గంధపుచెక్కలాగా అరగదీస్తాయి.

ఆ తరువాత మూడేసి నెలలకు ఒకసారి వెళ్ళి శుభ్రం చేయించుకోవాలి. రోజూ రాత్రి పళ్ళసందులలో దూరే చిన్న బ్రష్షులు, సీసాలు కడిగే బ్రష్షుకు పిల్లలాగా ఉంటాయి, మందుల షాపులో దొరుకుతాయి. ఏ సైజో డాక్టరుగారి చేతనే చెప్పించుకుని కొనండి. ఒక్కొక్క సందుకు ఒక్కొక్క లావు కావలసి రావచ్చు.